అయ్యన్న మూసిన దోవ

"చున్నీ ముడేసుకున్నావా?"

"ఏసుకున్నా నాయనా."

"గట్టిగా ఏసినావా? సక్రంలో పడిందంటే..."

"దినామూ ఇదే మాట. ఈపొద్దన్నా కొత్త మాట అడగరాదా!"

హెప్సిబా నవ్వుతూ సైకిలు స్టాండు తన్నింది. ఆ సైకిలు ముందు పక్కింటి జ్యోతిది. జ్యోతికి మొన్న వేసవిలో పెళ్లయింది. పెళ్లయిన ఆడపిల్ల సైకిలు తొక్కడం ఆ కాలనీలో ఎవరూ చూసి ఎరగరు. అందుకే అత్తగారింటికి పోయే రోజు జ్యోతి హ్యాండిలు మీద కాసేపు చేయి ఆనించి, "ఇంక నువ్వు తొక్కుకో" అని హెప్సిబాకు ఇచ్చేసింది. జ్యోతి కట్టుకున్న ఎర్ర రిబ్బను ఇంకా హ్యాండిలుకే ఉంది.

అయ్యన్న మంచం మీద కూర్చుని కూతురు మలుపు తిరిగేదాకా చూశాడు. కుడికాలికి మోకాలి దాకా పిండికట్టు. రెండు నెలల కిందట ఆదోనిలో ఒక మేడ పనిలో పరంజా మీంచి పడ్డాడు. భార్య సారమ్మ ఏడు గంటలకే పత్తి తీసే కూలీల ఆటో ఎక్కి పోయింది. పిల్లను బండి మీద బడి దగ్గర దింపే మనిషి ఇప్పుడు ఆ ఇంట్లో లేడు.

ఎమ్మిగనూరు ఊరి చివర, ఆదోని రోడ్డు పక్కనుంది ఆ కాలనీ. మంచం మీద కూర్చుని చూస్తే హైస్కూలు నీళ్ల ట్యాంకు కనిపిస్తుంది. గాలి ఇటు తిరిగితే ప్రార్థన పాట కూడా వినిపిస్తుంది. కోడి నడిచినట్టు నడిచినా పది నిమిషాల్లో చేరే దూరం. కానీ మధ్యలో ఒక గోడ ఉంది. ఏడడుగుల రాతిగోడ, పైన గాజుపెంకులు. గోడకు అవతల ఎరువుల వ్యాపారి హరికృష్ణ ఇళ్ల ప్లాట్లుగా వేసిన వెంచరు. ఆ వెంచరు వీధులు దాటితే బడి. గోడ ఉంది కాబట్టి పిల్లలు కాలనీ ఆర్చి దాటి, ఆదోని రోడ్డెక్కి, లారీల పక్కన పోయి, మలుపులో తిరిగి, మూడు కిలోమీటర్లకు పైగా చుట్టి బడికి చేరాలి.

పైగా ఇది పత్తి కాలం. తెల్లవారిందంటే ఆదోని మార్కెట్టుకు పోయే ట్రాక్టర్లు, లారీలు బారులు కడతాయి. మూటలు తొట్టి అంచులు దాటి రెండు పక్కలా మూరెడు మూరెడు బయటికి పొంగి ఉంటాయి. తోలేవాడికి వెనక ఏముందో తెలియదు. పక్కన సైకిలు మీద పోయే పిల్ల అసలే కనబడదు.

తొమ్మిదింబావుకు బడి గంట మోగేది. ఆ గంట కోసం అయ్యన్న దినామూ ఊపిరి బిగబట్టుకుని కూర్చునేవాడు. గంట మోగినా బిగువు వదిలేది కాదు. బడి మొదలైందని గంట చెబుతుంది గానీ, కూతురు చేరిందని చెప్పదు కదా.

ఆ రోజు మంచు బాగా పట్టింది. గంట మోగింది. మోగిన పావుగంటకు మాదన్న మోటారు సైకిలు మీద వచ్చి వాకిట్లో ఆగాడు. అయ్యన్నతో పదేళ్లుగా రాతిపని చేస్తున్న మనిషి. ఎప్పుడూ దూరం నుంచే ఏదో ఒకటి అంటూ వచ్చేవాడు, ఆ పొద్దు మాట లేకుండా వచ్చాడు.

"ఏమప్పా మాదన్నా?"

"మలుపు కాడ పత్తి ట్రాక్టరు ఒరిగింది."

"ఎవురికన్నా..."

మాదన్న ఇంజను ఆపలేదు. "ఎక్కు," అన్నాడు.

కట్టుకాలు పక్కకు చాపుకుని అయ్యన్న ఎలా ఎక్కాడో ఎక్కాడు.

మలుపు దగ్గర రోడ్డంతా తెల్లగా ఉంది. రెండు మూటలు పగిలి పత్తి మోకాలెత్తున పరుచుకుంది. ట్రాక్టరు తొట్టి పక్కకు ఒరిగి పడింది. పదిమంది మూటలు లాగుతున్నారు. అట్టడుగు మూట కింద నుంచి సైకిలు చక్రం సగం బయటికి కనిపిస్తోంది. హ్యాండిలుకు ఎర్ర రిబ్బను.

అయ్యన్న బండి దిగిన సంగతి అతనికి గుర్తులేదు. చేతులతో, మోచేతులతో పాకుతూ పోయి మూట పట్టుకున్నాడు. రాయి ఎత్తిన చేతులు అవి. గోడకు రాయి ఎత్తేటప్పుడు దాని బరువు ముందే చేతికి తెలిసేది. ఈ మూట బరువు తెలియడం లేదు. ఒకటి లాగితే ఇంకొకటి. "పాపా! హెప్సీ!" అని పిలుస్తున్నాడు. నోట్లో పత్తి పడుతోంది. ఉమ్మి మళ్లీ పిలుస్తున్నాడు. ఆఖరి మూట దొర్లింది. కింద సైకిలు వంగి ఉంది. అన్నం డబ్బా నలిగి ఉంది. పిల్ల లేదు.

"నాయనా!"

గొంతు మూటల అవతల, రోడ్డు పక్క గుంతలోంచి వచ్చింది. తుమ్మకంపల మధ్య హెప్సిబా కూర్చుని ఉంది. మోచేతులు చీరుకుపోయాయి, నెత్తురు కారుతోంది. ఆ పిల్లను ఒంటికి ఆనించుకుని, తెల్ల వెంట్రుకల ముసలామె ఒకరు కూర్చున్నారు. ఆమె చెప్పులు ఎక్కడో పోయాయి. ఒక చేతిలో పుండికూర కట్ట ఇంకా పట్టుకునే ఉన్నారు.

ఆమె హనుమంతమ్మ టీచరు. ముప్పై ఏళ్లకు పైగా పల్లె బళ్లలో చదువు చెప్పి, కొడుకు హరికృష్ణ ఇంట్లో, వెంచరులో ఉంటున్నారు. వెంచరులో ఆకుకూర దొరకదు. ఆకుకూర అమ్మేది గోడకు ఇవతల కాలనీలో. గోడ ఉంది కాబట్టి ఆ డెబ్బై రెండేళ్ల మనిషి కూడా ఆదోని రోడ్డు మీదే చుట్టి వచ్చి, చుట్టి పోవాలి. తిరిగి పోయేటప్పుడు తొట్టి ఒరగడం చూశారు. సైకిలు మీది పిల్లను కేకేసి, రెక్క పట్టుకుని గుంతలోకి లాగారు. మంచులో, జనం అరుపుల్లో ఆమె పిలుపు ఇటువైపు ఎవరికీ వినబడలేదు.

"భయం లేదు నాయనా," అన్నారామె, "పిల్ల బాగుంది. నా చెయ్యే కొంచెం బెణికింది."

అయ్యన్న కూతురి తల తడిమాడు, చేతులు తడిమాడు, కాళ్లు తడిమాడు.

సాయంత్రం సారమ్మ పత్తి చేనునుంచి వచ్చింది. కాలనీ ఆర్చి దగ్గరే ఎవరో చెప్పేశారు. ఆమె ఏడవలేదు. కూతుర్ని ముందు నిలబెట్టుకుని పై నుంచి కింది దాకా చూసింది. ముల్లు గీరిన చోటల్లా వేలు పెట్టి చూసింది. ఆ తరువాత కాళ్లు కడుక్కుని వచ్చి, గడప మీద కూర్చుని చెప్పింది.

"సదువు సాలు. రేప్పొద్దున నాతో పత్తికి వస్తాది."

"అమ్మా! వచ్చే నెల పరీక్షలుండాయి."

"పరీక్ష రాసేదానికి పేణముండాల గదా! ఆటోలో పదిమంది ఆడోళ్ల నడుమ కూసుంటాది. బతికుంటాది. అది సాలు నాకు."

"ఆటోలో పోతాది లే బడికి," అన్నాడు అయ్యన్న నెమ్మదిగా.

"బడికి పోయే ఆటోలో పదిమంది మొగోళ్లుంటారు. వాళ్ల తొడల మింద కూసోబెట్టి పంపుతావా నా బిడ్డను?"

అయ్యన్న తలొంచుకున్నాడు.

"ఈడ్నించి చూస్తే బడి ట్యాంకు కనబడతాది," సారమ్మ గోడ వైపు చెయ్యి చూపింది. "చెయ్యి సాపితే అందేటట్ల ఉండాది. ఎందుకు అందలేదో అడుగు పాపా. ఆ గోడ కట్టిన మేస్త్రీ యెవురో మీ నాయన్ను అడుగు."

హెప్సిబా తండ్రి వైపు చూసింది. ఆ పిల్లకు ఆ సంగతి అప్పటిదాకా తెలియదు.

గోడ కట్టింది అయ్యన్నే. ఏడేళ్ల కిందట, మాదన్నతో కలిసి.

చదివేవారికి ఒక మాట చెప్పాలి. పెద్ద ప్రహరీ కట్టేటప్పుడు మేస్త్రీలు ఒకచోట సందు వదులుకుంటారు. రాయి, ఇసుక లోపలికి తోలుకోవడానికి. పనంతా అయ్యాక ఆఖరి రోజు ఆ సందు మూసేస్తారు. హరికృష్ణ వెంచరు ఒకప్పుడు శనగచేను. చేను మధ్య నుంచి బడికి, సంతకు మనుషులు నడిచిన కాలిదోవ ఉండేది. అరిగి గట్టిపడిన నేల కాబట్టి, బండి చక్రం దిగబడదని అయ్యన్న ఆ దోవ మీదే సందు వదిలాడు. ఆరు నెలలు గోడ పని జరిగింది. ఆరు నెలలూ జనం ఆ సందులోంచే నడిచారు. నడిచి నడిచి, మేస్త్రీ వదిలిన సందును చూసి అది తమకు పెట్టిన వాకిలే అనుకున్నారు. అందుకే ఒక్కరూ పోయి అడగలేదు. అడగాల్సిన ఆరు నెలలు అలా గడిచిపోయాయి.

ఆఖరి రోజు సందుకు రాయి పేరుస్తుంటే, నెత్తిన గడ్డిమోపుతో ఒకామె వచ్చి నిలబడింది.

"ఏం అన్నా, దోవ మూసేస్తాండారా?"

"సుట్టు తిరిగి పోమ్మా. ఎంతసేపు!" అన్నాడు అయ్యన్న.

నిజంగానే అతనికి ఎంతోసేపు కాదు. అప్పటికి మోటారు సైకిలు ఉంది. పెళ్లికి ముందు అతనూ పల్లె నుంచి ఎమ్మిగనూరుకు కాలినడకన పనికొచ్చినవాడే. పెళ్లైన కొత్తలో సారమ్మను సైకిలు వెనక కూర్చోబెట్టుకుని ఆదివారం చర్చికి తీసుకుపోయినవాడే. పిల్ల పుట్టాక బండి కొన్నాడు. బండి వచ్చాక కాళ్ల సంగతి మరిచిపోయాడు. హెప్సిబా అప్పుడు కాలనీలోనే ఉన్న చిన్న బడిలో రెండో తరగతి. ఆ దోవ ఆ ఏడు వాళ్ల ఇంటికి అక్కరలేదు. ఇప్పుడు పిల్ల పెద్ద బడికి పోవాలి. తను బండి తోలలేడు. ఏడేళ్లలో గోడ ఒక్క అంగుళం జరగలేదు. జరిగింది ఇంటి అవసరమే.

మరుసటి రోజు హెప్సిబా బడికి పోలేదు. తల్లితో ఆటో ఎక్కింది. ఎక్కేటప్పుడు తండ్రి వైపు చూడలేదు. చున్నీ ముడి గురించి అయ్యన్న అడగలేకపోయాడు. తొమ్మిదింబావుకు గంట మోగింది. ఆ పొద్దు భయపడాల్సిన పనిలేదు, అయినా ఆ గంట అతనికి ముందటి రోజులకంటే ఎక్కువ బాధ పెట్టింది.

మాదన్నను పిలిపించాడు. "నన్ను హరికృష్ణ ఇంటికాడికి తీస్కపో."

"పోయి?"

"దోవ అడుగుదాం."

"నువ్వే మూసి, నువ్వే అడుగుతావా? నవ్వుతారప్పా."

"నవ్వనీ."

హరికృష్ణ ఎరువుల కొట్టుకు బయలుదేరుతూ వరండాలో కనిపించాడు. మర్యాదగానే కుర్చీ వేయించాడు. కాలు సంగతి అడిగాడు. అయ్యన్న నాలుగు మాటల్లో వచ్చిన పని చెప్పాడు. హరికృష్ణ ముఖం బిగిసింది.

"అయ్యన్నా, ఈడ ప్లాట్లు కొన్నోళ్లు గోడ చూసి కొన్నారు. ఇప్పుడు సందు తెరిస్తే మేకలొస్తాయి, తాగినోళ్లొస్తారు, ఆటోలొస్తాయి. నాకు యాభై ఇండ్లోళ్లకు జవాబు చెప్పేది ఉంది."

"మేకలు రాకుండా చేస్తానప్పా."

"సరే, అది పక్కన పెట్టు. కట్టిన గోడ నడుమ పగలగొడితే రెండు పక్కలా బీటలిచ్చి పడిపోతాది. నువ్వు మేస్త్రీవి. నీకు నేను సెప్పాల్నా?"

అయ్యన్న ఉలిక్కిపడినట్టు చూశాడు. ఆ మాటకు జవాబు అతని దగ్గర ఉంది. ఏడేళ్లుగా ఉంది. అది బయటికి చెబితే మేస్త్రీగా తన పేరు పోతుంది. వెనక నిలబడ్డ మాదన్న అతని భుజం మీద చెయ్యి వేసి నొక్కాడు, వద్దన్నట్టు.

"పడిపోదప్పా," అన్నాడు అయ్యన్న.

"ఎట్ల పడిపోదు?"

"ఆ సందు మూసేటప్పుడు, పాత గోడలోకి రాయి దూర్చి అల్లాల. ఒక రాయి లోపలికి, ఒకటి బయటికి. అట్లయితే గోడంతా ఒకటైతాది. ఆ పొద్దు నాకు బిరీన ఇంటికి పోవాలని ఉండె. అల్లలేదు. ఊరికే నడుమ పేర్చి, పైన సిమెంటు పూసి, కనబడకుండా చేసినా. ఆ ఆరడుగులు గోడకు అతకలేదు. తీసేస్తే మిగతా గోడకు ఏమీ కాదు."



"అంటే నన్ను మోసం చేసినావా?" హరికృష్ణ లేచి నిలబడ్డాడు.

"చేసినా. నీకు చేసింది చిన్నదప్పా. నా బిడ్డకు చేసిందే పెద్దది."

"ఇంగ ఈ ఊర్లో నీకు ఒక్క రాయి పని దొరక్కుండా..."

"హరీ!"

హనుమంతమ్మ తలుపు దగ్గర నిలబడి ఉన్నారు. బెణికిన చేతికి గుడ్డకట్టు. మెల్లగా వచ్చి అయ్యన్న ఎదురుగా కూర్చున్నారు.

"పిల్ల బడికి పోయిందా నాయనా?"

"లేదు టీచరమ్మా. పత్తికి పోయింది."

ఆమె కళ్లు మూసుకున్నారు. తెరిచి, కొడుకు వైపు చూశారు.

"నిన్ను రెండేండ్లు సంకన ఎత్తుకుని నడిచి, నేను బడికి పోయేదాన్ని. గుర్తుండదులే నీకు. ఆ తర్వాత ఈ శనగచేను దోవలోనే నువ్వు పరిగెత్తి హైస్కూలుకు పోయినావు. అది గుర్తుండాల. నీకు బండొచ్చింది, కారొచ్చింది, దోవ మూసినావు. నేను నీ తల్లిని, నీ ఇంట్లోనే ఉన్నా, నిన్న ఒక్క పుండికూర కట్ట కోసం లారీల కింద పడబోతి. అయ్యన్న తన బిడ్డకు దోవ మూసినాడు, నువ్వు నీ తల్లికి మూసినావు. ఇద్దరికీ అప్పుడు కాళ్లతో పనిలేదు కాబట్టి. ఒక్కటి సెప్పు. రేపు నీ మోకాళ్లు పోతాయి. కారు తోలద్దంటాడు డాక్టరు, నడవమంటాడు. యాడ నడుస్తావు? ఈ గోడ చుట్టూ గానుగెద్దు మాదిరి తిరుగుతావా?"

హరికృష్ణ గుడ్డకట్టు కట్టిన ఆ చేతి వైపు చూశాడు. అమ్మ జారిపడింది అని మాత్రమే నిన్న సాయంత్రం విన్నాడు. ఎక్కడ, ఎందుకు అని అడగలేదు. మళ్లీ కుర్చీలో కూర్చున్నాడు.

"బండ్లు దూరకూడదు," అన్నాడు.

"మూడు రాతి కూసాలు నాటుతా. మనిషి, సైకిలు తప్ప ఇంకేదీ పట్టదు."

"ప్లాటోళ్ల సంఘంలో అడగాల."

"అడుగు," అన్నారు హనుమంతమ్మ. "నేనూ వస్తా. అడిగేటప్పుడు ఒక్కొక్కరి ఇంట్లో నడిచేవాళ్లు ఎంతమందో కూడా లెక్క అడుగుదాం."

సంఘంలో రెండు గంటలు అరుపులు అరిచారు. చివరికి యాభై ఇళ్లలో ముసలివాళ్లు, చూలింతలు, బడి పిల్లలు లేని ఇళ్లు ఏడే తేలాయి; ఇంక ఎవరూ కాదనలేదు.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక సందు తెరిచే పని మొదలైంది. అయ్యన్న స్టూలు మీద కూర్చుని గీత గీసి చూపించాడు. మాదన్న సుత్తి వేశాడు. ఒక్కో రాయి పెచ్చులా ఊడి వచ్చింది. అటూ ఇటూ గోడ కదల్లేదు. కాలనీ వాళ్లు, వెంచరు వాళ్లు చూస్తుండగా, తను చేసిన చెడ్డ పని ప్రతి రాయిలోనూ బయటపడుతుంటే అయ్యన్న తల దించుకునే కూర్చున్నాడు. సారమ్మ కొంగు నడుముకు బిగించి రాళ్లు మోసింది. పోతూ పోతూ అతని దగ్గర ఆగింది.

"మూసేదానికి ఎంతసేపు పట్టిండె?"

"అర్ధదినం."

"తీసేదానికి?"

"ఏడేండ్లు."

సారమ్మ పెదవుల మీద నవ్వు లాంటిది వచ్చి పోయింది. "నీ పని ఇంత తీరుబడి అని తెలిసుంటే నిన్ను చేసుకోకపోదును," అని రాయి ఎత్తుకుని పోయింది.

సోమవారం పొద్దున సైకిలు ఇంకా రిపేరులోనే ఉంది. హెప్సిబా నడిచే బయలుదేరింది. చున్నీ ముడి సారమ్మే వేసింది, నడిచే పిల్లకు ముడి ఎందుకని ఎవరూ అనలేదు. కూసాల మధ్య నుంచి దూరి, అవతల నిలబడి, హెప్సిబా వెనక్కి చూసి చెయ్యెత్తింది. ఆమె వెనక పదకొండు మంది పిల్లలు. ఆ వెనక, కాన్పుకు పుట్టింటికి వచ్చిన జ్యోతి, నడవమన్నారని మెల్లగా నడుస్తూ. అటు నుంచి హనుమంతమ్మ చేతిసంచితో ఎదురొస్తూ. గంట మోగేసరికి అయ్యన్న మంచం మీద లేడు. కర్ర పట్టుకుని సందు దగ్గరే నిలబడి, బడి గేటులో కూతురు దూరడం కళ్లారా చూశాడు.

ఉగాది దాటాక అతని కాలు కుదిరింది. అతుకు వేయని మేస్త్రీ అనే పేరు ఊళ్లో నిలిచిపోయింది. ఎమ్మిగనూరులో మూడు నెలలు ఎవరూ పిలవలేదు. చివరికి ఆదోనిలో ఒక షావుకారు వెంచరుకు ప్రహరీ పని దొరికింది. మొదటిరోజు గోడ గీతకు దారం లాగే ముందు, అయ్యన్న ఆ నేలంతా ఒకసారి కాలినడకన తిరిగాడు. ఒకచోట గడ్డి మొలవని, అరిగిన సన్నటి చార కనిపించింది. అక్కడ ఆగాడు.

"ఈడ నడిచేవాళ్లకు ఎన్ని అడుగులు ఇడ్సమంటావప్పా?"

షావుకారు నవ్వాడు. "ఈ కాలంలో నడిచేవాళ్లు ఎవురుండారు మేస్త్రీ?"

"నిన్న నువ్వు నడిచినావు. రేపు నువ్వే నడుస్తావు. నడుమ బండి మింద పోయేది నాలుగు దినాలే," అయ్యన్న దారం ఉండ కింద పెట్టాడు. "ముందు దోవ ఇడుసు. గోడ ఆ తర్వాత కడతా."